వాన తడిపిన తాల్‌బగీచా

ఆదివారం, రాత్రి

సంతోషానికి నిద్ర రాట్లేదు. కలకత్తాలో బొమ్మల గ్యాలరీ నడిపే దీదీ ఈరోజు మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్‌కి వచ్చినారు. నేను వేసిన పెద్ద ఆక్రిలిక్ రంగుల బొమ్మలన్నీ గోడకి ఆనించి పెట్టినాను. ఒక్కోటీ చూసి "బాగున్నాయి" అని మాత్రమే అన్నారు. 

అప్పుడు నాన్న మంచం కింద నుండి ఒక నీటిరంగుల బొమ్మ లాగినాడు. మా ఊళ్ళో తాల్‌బగీచా రోడ్డు అది. వేస్తుండగా వాన పడి, ఇళ్ళూ ఆకాశమూ కలిసిపోతే పక్కన పడేసినాను.

"ఇదెందుకు సూపించలేదమ్మా?"

"ఏటి నాన్నా, అది పాడైపోయింది కదా!"

దీదీ దాన్ని కిటికీ దగ్గరకి పట్టుకెళ్ళి చాలాసేపు చూసినారు. "ఇలాంటివి వెయ్యి. చలికాలంలో ఎగ్జిబిషన్ పెడదాం, నీ ఒక్కదానిదే," అని హిందీలో అన్నారు.

నా ఒక్కదానిదే! నాన్న అప్పుడే వీధంతా చెప్పొచ్చినాడు.

కానీ ఆ ఇళ్ళని ఆకాశంలో కలిపింది వాన, నేను కాదు. అది నా చేతికి వస్తుందా?

ఉండబట్టలేక ఇందాక కాగితం తడిపి, మా ఊళ్ళోనే మలంచా రోడ్డు మేడల బొమ్మకి మొదటి రంగు వేసినాను. నా మాట వినకుండా ఎటో పాకిపోతోంది. తుడవబుద్ధి కావట్లేదు...