ఆదర్శ సోదరుడి సన్మానం రద్దు కోరుతూ

మానసిక ఆరోగ్య వారోత్సవాల ప్రత్యేకాధికారి గారి సముఖమునకు, విజయవాడ.

పెడన కాపురస్థుడు, చేనేత బట్టల వ్యాపారి, యాభై తొమ్మిదేళ్ళ వయసు గల అంకమ్మరావు సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: 'అంచుల రామతులసి' అను జీవితకథా చిత్రములో నన్ను మంచివాడిగా చూపుట వాస్తవ విరుద్ధమనియు, దాని ఆధారముగా నాకు చేయదలచిన 'ఆదర్శ సోదరుడు' సన్మానము రద్దు చేయవలెననియు ప్రార్థన.

సదరు చిత్రం నా సొంత చెల్లెలు రామతులసి మీద తీసినది. చీర అంచుల నేతలో ఆమెకు రాష్ట్రమంతా పేరున్నది. పాతికేళ్ళుగా స్కిజోఫ్రెనియా జబ్బుకు మందులు వాడుచున్నది. వచ్చే శుక్రవారం బెంజ్ సర్కిల్ దగ్గరి హాల్లో ఇటువంటి జబ్బున్న వారికి, వారి ఇంటివారికి ఈ చిత్రం ఉచితముగా చూపి, పిమ్మట నాకు శాలువా కప్పుదురని తమ లేఖ అందినది. మా ఆవిడ వెంకటరావమ్మ వీధంతా చెప్పి వచ్చినది. నేను మాత్రం మూడు రోజులుగా కొట్టు తెరవలేదు. కారణములు దిగువన మనవి చేసుకొనుచున్నాను.

1. చిత్రములో మా చెల్లెలు జుట్టు విరబోసుకొని కాలవగట్టు వెంట నవ్వుకుంటూ పరుగెత్తును. వాస్తవమునకు ఆమె ఏనాడూ పరుగెత్తలేదు. జబ్బు ముదిరిన రోజుల్లో కూడా నున్నగా దువ్వి జడ వేసుకొని, గోడవైపు తిరిగి కూర్చునేది. గంటలకు గంటలు. "అది చూపిస్తే ఎవరు చూస్తారండీ?" అని కథారచయిత చక్రి గారు అడిగితే, నిజమే కదా అని తలూపినాను. ఆమె తరఫున ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టినది కూడా నేనే. ఆమెను ఎవరూ అడగలేదు.

2. చెవిలో వినబడే గొంతులే ఆమెకు కొత్త డిజైన్లు చెప్పినట్టు, మాత్రలు కాలవలో పారేశాకే గొప్ప చీర నేసినట్టు చూపినారు. శుద్ధ అబద్ధం. ఆ గొంతులు ఆమెను తిట్టడం తప్ప ఇంకేమీ చేయలేదు. మాత్రలు మానిన రోజుల్లో ఆమె మగ్గం గుంటలో కాలే పెట్టలేదు. బహుమతి వచ్చిన ఆ చీర పొద్దునా సాయంత్రం మాత్ర వేసుకుంటూ, వణికే చేతులతో పదకొండు నెలలు నేసినది. మొన్న హనుమాన్ జంక్షన్ నుంచి ధనశ్రీ అనే ఆవిడ ఫోన్ చేసి, "మీ సినిమా చూసొచ్చి మా ఆయన మాత్రలన్నీ డ్రైన్లో పోసేశారండీ. ఆవిడ మానేస్తేనేగా నయమైంది అంటున్నారు. మీరొక్క మాట చెప్పండి" అని ఏడ్చినది. చెప్పినాను. ఆయన సినిమానే నమ్మినాడు. శుక్రవారం హాల్లో అటువంటి వారు ఎందరుందురో తమరే ఆలోచించగలరు.

3. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. చిత్రములో మా అమ్మాయి ఉషశ్రీ పెళ్ళిచూపుల నాడు, అన్న పాత్రధారి చెల్లెలిని చెయ్యి పట్టుకొని తెచ్చి మగపెళ్ళివారి ముందు కూర్చోబెట్టి, "ఇది నా చెల్లెలు. దీనికి జబ్బుంది. ఇష్టమైతేనే కాఫీ తాగండి" అనును. హాల్లో ఒకటే ఈలలు. ఆ డైలాగు చక్రి గారికి చెప్పినవాడిని నేనే.

జరిగినది వేరు. తొమ్మిదేళ్ళ క్రితం ఆ రోజున చెల్లెల్ని నూలు గదిలో పెట్టి గొళ్ళెం వేసినాను. ముందుగదిలో దాని ఫొటో ఉన్నది. ఎవరని అడిగితే ఏం చెప్పాలో తోచక, ఆ ఫొటోకి బొట్టు పెట్టి బంతిపూల దండ వేసినాను. వాళ్ళు చూసి, "అయ్యో పాపం, చిన్న వయసే" అన్నారు. అవునండీ అన్నాను. సంబంధం కుదిరింది. వాళ్ళు వెళ్ళాక దండ తియ్యడం మరిచి గొళ్ళెం తీశాను. రామతులసి వచ్చి ఫొటో ముందు నిలబడి చాలాసేపు చూసి, "అన్నయ్యా, నేనెప్పుడు పోయాను?" అని అడిగింది. వేళాకోళం కాదండీ, దానికి నిజంగానే అనుమానం వచ్చింది. ఇక అన్నం ముట్టలేదు. "పోయినోళ్ళకి అన్నమేంటి, మాత్రలేంటి" అనేది. మళ్ళీ మామూలు మనిషి కావడానికి ఏడాదిన్నర పట్టింది. రెండో అంశములో చెప్పిన మాత్రలు మానిన రోజులు అవే. మానిపించింది జబ్బు కాదు, నేను.

తర్వాత పేపర్లో బహుమతి ఫొటో చూసి మా వియ్యంకుడు బసవపున్నయ్య గారు ఫోన్ చేసి, "ఏం బావగారూ, మీ చెల్లెలు గారు బతికొచ్చారా?" అన్నారు. ఆ పూట సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఆయన ఎదురుపడితే కళ్ళలోకి చూడలేను.

4. కావున సన్మానం రద్దు చేయవలెను. పెళ్ళిచూపుల దృశ్యం తొలగించి చిత్రం చూపవలెను. ముందుగా ఐదు నిమిషాలు మైకు ఇప్పించినచో పై సంగతులు నేనే చెప్పుకొందును. వినినవారు చెప్పుతో కొట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఈ సిగ్గుమాలినవాడి మొరను తమరు దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆదర్శుడు ఎంతమాత్రమూ కానివాడు,
అంకమ్మరావు

తా.క.: ఆమె సంగతి ఆమెకు తెలియకుండా ఇంకొకసారి రాసి పంపలేక, కవరు అంటించే ముందు ఈ అర్జీ చెల్లెలికి చదివి వినిపించినాను. నేత ఆపకుండా మొత్తం విన్నది. "మైకు తీసుకో. మాత్రల సంగతి గట్టిగా చెప్పు. దండ సంగతీ చెప్పు, నాకేం నామోషీ లేదు" అన్నది. అప్పుడు నేత ఆపి, "ఆ పెళ్ళిచూపుల సీను మాత్రం తీయించకు అన్నయ్యా. ఆ సినిమాకి నేను నాలుగుసార్లు వెళ్ళింది దానికోసమే. ఆ అన్నయ్య నాకు బాగా నచ్చాడు" అన్నది. కనుక పై నాలుగో అంశములో దృశ్యం తొలగించమని కోరిన వాక్యం కొట్టివేసుకొనుచున్నాను. మిగతా అర్జీ యథాతథం.