రాజు మెడ మీద ఉలి

నాంపల్లి, 8 జూన్ 1952

పంపకాల్లో చివరికి నాన్న దాచిన బంగారు నాణెం ఒక్కటే మిగిలింది. ఇంగ్లండు రాజు రెండో చార్లెస్ నాటి గినీ. ఆబిడ్స్‌లో పాత నాణేలు కొనే షావుకారు మొన్ననే చెప్పాడు: "ఈయన తండ్రి తల నరికిన్రు. మళ్ల కొడుకే గద్దెనెక్కిండు. గిసొంటిది ఇంకోటి దొర్కది, జర భద్రం."

పోయిన అన్న వాటా వదినకు రావాలి కదా, సగానికి కోయిద్దామన్నాను. బంగారప్పని చేసే అవుసలాయన కొట్లో కూర్చున్నాక వదిన నోరు విప్పింది. "కొయ్యొద్దయ్యా. మామ యాది గది. నువ్వే ఉంచుకో."

నాకు ఒళ్ళు మండింది. నా ఇంట్లో తింటూ నాకే దానం చేస్తుందా?

"కొట్టు" అన్నాను. అవుసలాయన నా మొహంలోకి ఓసారి చూసి, రాజు మెడ మీద ఉలి పెట్టాడు. తల ఉన్న ముక్క కాస్త పెద్దది. అది నేను తీసుకుని, రెండోది వదిన ముందుకు తోశాను.

ఆమె ముట్టుకోలేదు. "గిది గూడ నువ్వే తీస్కో" అని లేచి వెళ్ళిపోయింది.

ఇప్పుడు రెండు ముక్కలూ నా బల్ల మీదే ఉన్నాయి. అంచులు వంగిపోయాయి. ఎలా పెట్టినా ఆ తల మెడ మీద నిలవడం లేదు.