బోరులో నీళ్ళు పడిన భూమి

శుక్రవారం, రాత్రి. పేరేసంద్ర.

ఇవాళ చిక్కబళ్ళాపురం రిజిస్ట్రారు ఆఫీసులో భూమి మీద అప్పులు చూపించే ఈసీ చేతికొచ్చింది. నేను కొనబోతున్న భూమి బ్యాంకు తాకట్టులో ఉంది. అమ్మే నారాయణప్ప వాళ్ళ నాన్న ఎప్పుడో తీసుకున్న ట్రాక్టరు అప్పు ఇంకా తీరలేదు.

ముందు ఈసీ తీయించాలి, తర్వాత బోరు వేయాలి. నేను తలకిందులుగా చేశాను. నీళ్ళు పడని భూమికి కాగితాలెందుకు అనుకున్నాను. బోరు లారీ ఎలాగూ ఊళ్ళోనే ఉందని, అడ్వాన్సు ఇవ్వగానే ఉన్నదంతా పెట్టి వేయించాను. నీళ్ళు పడ్డాయి. ఊరంతా వచ్చి చూసింది.

సాయంత్రం నారాయణప్పను నిలదీశాను. అతను తడబడను కూడా లేదు.

"అవునప్పా, అప్పు ఉండాది. మాట్లాడిన రేటు గాక అదీ నువ్వే బ్యాంకుకు కట్టి రాయించుకో. వద్దంటే చెప్పు, నీ అడ్వాన్సు నీకిచ్చేస్తా. చిక్కబళ్ళాపురం జిల్లా అయినాక నీళ్ళుండే భూమి కోసరం బెంగుళూరోళ్ళు తిరగతాండారు."

అడ్వాన్సు ఇస్తాడట! మోటారు, పైపులు పీక్కోవచ్చు. నీళ్ళనెలా పీక్కోను? బోరు ఎండిపోయి ఉంటే ఈపాటికి అతనికో దండం పెట్టి బయటపడేవాణ్ణి. కట్టడానికి డబ్బు లేదు, వదలడానికి మనసు రాదు.

ఇంట్లో లక్ష్మికి ఇంకా చెప్పలేదు. ఆ బోరు నీళ్ళు తెప్పించి పప్పు చేసింది.

"చూడండి, మన నీళ్ళకి బ్యాళ్ళు ఎంత మెత్తగా ఉడికిండాయో" అంటూ ఇంకో గరిటె వేసింది.

మన నీళ్ళట. తల వంచుకుని తిన్నాను.