శ్రీలత చందుర్తికి పోదు

కోరుట్ల,
12 అక్టోబర్ 2022, బుధవారం.

నా కొడుకు చిరంజీవి ధనుంజయ్‌కు అవ్వ ఆశీస్సులు.

ఇక్కడ శ్రీలత, నీ బిడ్డ నీల, నేను ముగ్గురం బాగున్నాం. అలవాటు కొద్దీ రాసే మాట కాదిది. పొద్దున నీ భార్యను తూచాను, బీపీ చూశాను, రెండూ నోట్‌బుక్‌లో రాశాను, ఆ తర్వాతే ఈ కాగితం తీశాను. మస్కట్‌లో ఎండలు తగ్గి నువ్వూ నీ గదిలోని వాళ్ళూ కొంచెం తెరిపిన పడ్డారనుకుంటాను.

నీ ఉత్తరం జలపతి మొన్న తెచ్చి ఇచ్చాడు. గొల్లపల్లి నుంచి బండి మీద వచ్చి గడపలోనే నిలబడ్డాడు. "అవ్వా, గీ చిట్టి మీ ధనుంజయ్ ఇయ్యమన్నడు. నేనైతే సదువలే, ఒట్టు" అన్నాడు. అడగకముందే ఒట్టు పెట్టుకున్నాడంటే చదివాడనే అర్థం. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో పిల్లల ముఖాలు చూసినదాన్ని. సెలవు అయిపోయి అతను ఆదివారం మళ్ళీ మీ గదికే వస్తున్నాడు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నన్ను ఒక్క మాట పూర్తి చేయనివ్వవు. కాగితం మీద నువ్వు అడ్డం రాలేవు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగా జవాబు చెబుతాను.

మొదటిది, "నేను వద్దన్నంక ఆ ఆపరేషన్ ఎట్ల చేపిచ్చినవ్?" అని. చేయించాలనుకున్నాను కాబట్టి చేయించాను. కడుపు ఆమెది, ఒప్పుకున్నది ఆమె, పెన్షన్ నాది. నువ్వు వద్దన్నది వినలేదని కాదు, విన్నాను, తప్పనిపించింది. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు ఆగిపోయి నువ్వు మస్కట్ విమానం ఎక్కిన ఏడాది శ్రీలత బరువు డెబ్బై ఒక కిలోలు. ఈ ఆగస్టులో నూట పద్దెనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు. ఈ మధ్యలో ఆమె ఏం చేసిందో నీకు తెలియదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. షుగర్ వచ్చింది, బీపీ వచ్చింది, మోకాళ్ళు పోయాయి. బాత్రూముకు పోయి లేవడానికి నీలను కేకేసేది. పద్నాలుగేళ్ళ పిల్లను, ఆ పనికి.

నీలాగే నేను కూడా ఒకప్పుడు ఆమెకు నోటి మీద అదుపు లేదనే అనుకున్నాను. పోయిన ఏడాది ఎనిమిది నెలలు ఆమె అన్నం నేనే తూచి పెట్టాను. పొద్దుటి పూట జొన్నరొట్టె ఒకటి, మధ్యాహ్నం గిన్నెడు అన్నం, చక్కెర లేని చాయ్. రోజూ గంట నడిపించాను. ఆరు కిలోలు తగ్గింది. ఆ తర్వాత అదే కొలతకు, అదే నడకకు తొమ్మిది కిలోలు పెరిగింది. ఆ అంకెలు నా చేత్తో రాసినవే. వాటిని చూశాక ఆమె క్రమశిక్షణను అనుమానించడం మానుకున్నాను. "దొంగతనంగ తిన్నవా?" అని మూడుసార్లు అడిగినందుకు సిగ్గుపడ్డాను. అప్పుడే, బరువు తగ్గేటట్టు కడుపు కోసి చిన్నది చేసే హైదరాబాద్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను.

రెండో ప్రశ్న, "ఏం తింటాంది, పని చేస్తాందా?" అని. ఇది మంచి ప్రశ్న. ముందే అడగాల్సింది.

ఆపరేషన్‌కు ముందు రెండు వారాలు కాలేయం చిన్నది కావాలని అన్నం, రొట్టె, చక్కెర మొత్తం బంద్ చేయించారు. గుడ్డు తెల్లసొన, పెరుగు, ఉడకబెట్టిన కూరగాయలే. ఆమె ముందర అన్నం కుండ దించకూడదని నేనూ నీలా కూడా అవే తిన్నాం. నాలుగో రోజు నీల, "బాపమ్మా, ఆపరేషన్ అమ్మకా, నాకా?" అని అడిగింది. శ్రీలత నవ్వింది. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. ఆ రెండు వారాల్లోనే నాలుగున్నర కిలోలు తగ్గింది.

ఆగస్టు 30న ఆపరేషన్ అయింది. ఆ తర్వాత తిండి అంటే మందు సీసా మూతతో కొలిచేదే. మొదటి వారం ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు చుక్క చుక్కగా పావుగంట తాగేది. రెండో వారం పలచటి మజ్జిగ, ప్రోటీన్ పొడి. మూడో వారం పెసరపప్పు కట్టు. నాలుగో వారం నుంచి మిక్సీలో మెత్తగా తిప్పినవి. తినేటప్పుడు నీళ్ళు తాగకూడదు. తిన్నాక అరగంట ఆగి తాగాలి. విటమిన్, ఐరన్, కాల్షియం గోలీలు బతికున్నంత కాలం వేసుకోవాలి. ఇప్పుడు ఏడో వారం. గుడ్డు, మెత్తగా ఉడికిన చేప, పప్పు ముద్ద తింటుంది. ఈ పొద్దుటి బరువు నూట ఒక కిలో ఏడు వందలు. షుగర్ గోలీలు సగానికి తగ్గించారు. నిన్న ఎవరినీ పిలవకుండా బాత్రూముకు పోయి వచ్చింది. బీడీలు మళ్ళీ మొదలుపెట్టింది, సగం రోజే. మిగతా సగం నేను చేయనివ్వను.

పక్కింటి నర్సక్క రెండో వారంలో పలకరించడానికి వచ్చి, "కడుపు కోపిచ్చుకుంటివి, ఇగ ఏం తిని బతుకుతవే పిల్లా, గాలి తింటవా?" అంది. శ్రీలత మజ్జిగ మూత కింద పెట్టి, "నీ మాటలు తింటాన్న నర్సక్కా, కడుపు నిండుతాంది" అంది. నర్సక్క మళ్ళీ రాలేదు.

మూడో ప్రశ్న, "మందికి ఏం చెప్పాలె?" అని. ఆపరేషన్ అయిందని చెప్పాలి. రెండేళ్ళ కింద అక్కడ నీకు ఇరవైనాలుగు గంటల కడుపునొప్పి ఆపరేషన్ అయితే కోరుట్ల బస్టాండు దాకా తెలిసింది. నువ్వే వీడియో కాల్ పెట్టి కుట్లు చూపించావు. నీ కడుపు కోతకు లేని సిగ్గు ఆమె కడుపు కోతకు ఎందుకు?

నాలుగోది నువ్వు ప్రశ్నగా అడగలేదు, హుకుంగా రాశావు. నీ మాటలు నీకే మళ్ళీ రాస్తున్నాను. "ఆపరేషన్ అయినంక కూడ మటన్ తిని దవాఖాన్ల పడ్డదంటే ఇగ ఎవలేం చేస్తరు? నేను అచ్చేదాక చందుర్తిల తల్లిగారింట్ల ఉండనియ్యి. గోలీలు, పొడులు, హైదరాబాద్ తిరుగుడు బంద్." దానికి ముందే చందుర్తికి ఫోన్ చేసి మీ మామ శంకరయ్యకు కూడా ఇదే మాట చెప్పావు. ఆయన నాకు ఫోన్ చేసి, "అక్కా, మా పిల్ల ఏం తప్పు చేసింది, కొంచెం చెప్పుండ్రి" అని అడిగాడు. డెబ్బై ఏళ్ళ మనిషి అలా బతిమాలడం నేను భరించలేకపోయాను. ఆయనకు ఆ రోజు జవాబు చెప్పలేదు. జవాబు నా దగ్గర ఉండి కూడా చెప్పలేదు.

ఇంతవరకు రాసేటప్పుడు కలం ఆగలేదు. ఇక్కడ ఆగింది. అయినా రాస్తాను.

పెత్రమాస నాడు, పెద్దల అమావాస్య కదా, మన ఇంట్లో ఏం చేస్తామో నీకు తెలుసు. మీ బాపు పేరున విస్తరి పెడతాం. ఆ విస్తరి పెద్దకొడుకు తినాలి, ఒక్క మెతుకు మిగల్చకూడదు. నువ్వు పోయిన తర్వాత నీ బదులు శ్రీలత తింటున్నది. ఇది తొమ్మిదో పెత్రమాస. ఈసారి సెప్టెంబర్ 25న వచ్చింది. అప్పటికి ఆపరేషన్ అయి ఇరవై ఆరు రోజులు. మెత్తనివి తప్ప ఏమీ తినకూడని వారం.

పొద్దుటి దాకా నాకు ఈ సంగతి బాగా తెలుసు. మధ్యాహ్నం ఫొటో ముందు అన్నం, మటన్ కూర, గారెలు వడ్డించిన తర్వాత ఏమయిందో, నాకు మీ బాపు తప్ప ఎవరూ కనబడలేదు. చివరి రోజుల్లో ఆయన గారె అడిగితే డాక్టరు వద్దన్నాడని నేను పెట్టలేదు. ఆ విస్తరి అట్లాగే ఉండిపోతే ఆయన్ను రెండోసారి పస్తు పెట్టినట్టు అవుతుందనిపించింది. నీల, "బాపమ్మా, నేను తింట తియ్యి, అమ్మనొదిలిపెట్టు" అన్నది. "నువ్వు ఇంకో ఇంటికి పొయ్యే పిల్లవు, నీకు చెల్లది" అన్నాను. బళ్ళో లెక్కలు చెప్పిన నోటితోనే అన్నాను.

"అత్తమ్మా, మెత్తగ చేసినవే తినుమన్నది గద డాక్టరమ్మ" అని శ్రీలత అన్నది.

"ఒక్క ముద్దకు ఏమైతది? మీ మామ పేరు మీద."

ఆమె నా ముఖం వైపు చూసి కూర్చుంది. ఒక్క ముద్ద తిన్నది. మెతుకు మిగల్చకూడదు కదా, నేను చాలు అనలేదు. ఒక గారె తిన్నది. మటన్ ముక్క నోట్లో పెట్టుకుని నమలలేక ఆగిపోయింది. గొంతుకు అడ్డం పడుతుందంటే, తినేటప్పుడు నీళ్ళు ఇవ్వకూడదని ఎర్ర సిరాతో రాసుకున్న నేనే గ్లాసు అందించాను. సాయంత్రం దాకా వాంతులు. తెల్లారేసరికి చెంచాడు నీళ్ళు కూడా నిలవలేదు. జగిత్యాల తీసుకుపోయాను. గొట్టం వేసి అడ్డం పడ్డ ముక్క తీశారు. రెండు రోజులు సెలైన్.

అక్కడి డాక్టరమ్మ, "ఎవరు పెట్టారు ఇది?" అని కోపంగా అడిగింది. నోట్‌బుక్ నా సంచిలోనే ఉంది. నేను నోరు తెరిచే లోపల శ్రీలత, "నేనే తిన్న మేడం, ఆశకు" అన్నది. నేను ఊరుకున్నాను.

మూడో రోజు నువ్వు ఫోన్ చేశావు. సెలైన్ ఉన్న చేయి కదపకూడదని నీల ఫోన్‌ను స్పీకర్‌లో పెట్టింది. "కడుపు కోసిన్రు గని నోరు కుట్టలే నీకు" అన్నావు. నీ వెనక గదిలో వాళ్ళు నవ్విన నవ్వు వార్డులో అందరికీ వినిపించింది. జలపతి నవ్వు కూడా అందులో ఉంది, నాకు తెలుసు. అప్పుడు కూడా నేను ఊరుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇంటికి వచ్చాక ఆ రోజు పద్దు నోట్‌బుక్‌లో ఇట్లా రాశాను: "25 సెప్టెంబర్. పెసర కట్టు 60 మి.లీ." అంతే. నా జీవితంలో తెలిసి రాసిన తప్పు అంకె అదొక్కటే. ఒక్క మార్కు ఎక్కువ వేసినా మళ్ళీ కొట్టేసి సరిచేసిన మనిషిని నేను. శంకరయ్య ఫోన్ వచ్చిన నాడు, దాన్ని కొట్టేసి జరిగింది జరిగినట్టు రాశాను. పెట్టింది సత్యవ్వ, నీళ్ళిచ్చింది సత్యవ్వ అని రాసి పక్కన సంతకం పెట్టాను. నోట్‌బుక్ శ్రీలత చేతికిచ్చి, నా తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను.

"మీరు ఊరందరికి టీచరమ్మ. మీ మీద మాటొస్తే మీరు తట్టుకోరు. నన్నైతే ఎట్లాగు తిండిబోతనే అంటరు. నాకు కొత్తగ పొయ్యేదేమున్నది అత్తమ్మా?" అన్నది.

బిడ్డా, ధనుంజయ్, ఆ మాట నాకు తగిలినట్టు నీకు తగలాలని ఇదంతా రాశాను. నువ్వు ఆమె మీద వేసిన నింద మొత్తం నా తప్పు మీద నిలబడింది. ఆ తప్పు ఇప్పుడు నేను తీసుకున్నాను. ఇక నీ హుకుంకు కాళ్ళు లేవు. నన్ను పంపాలనుకుంటే పంపు, ఎక్కడికి పంపుతావో చూస్తాను. శంకరయ్యకు కూడా నిన్న ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆయన "గట్లనా అక్కా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇక జరగవలసినవి రాస్తున్నాను.

1. శ్రీలత చందుర్తికి పోదు. పండుగకో పబ్బానికో తనకు పోవాలనిపిస్తే పోతుంది, రావాలనిపిస్తే వస్తుంది. శంకరయ్యకు నువ్వే ఫోన్ చేసి నీ మాట వెనక్కి తీసుకోవాలి.

2. నవంబర్ 30న మూడు నెలల రక్త పరీక్షలకు హైదరాబాద్ పోతున్నాం. గోలీలు ఆపితే రక్తం తగ్గుతుంది, నరాలు దెబ్బతింటాయి. కాబట్టి ఏదీ ఆగదు. ఇది నీ అనుమతి కోసం రాయడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

3. నోట్‌బుక్ ఇక శ్రీలతే రాసుకుంటుంది. నేను అడిగితే చూపిస్తుంది. నిన్న మొదటిసారి రాసింది. ఐదును ఆరులాగా రాస్తుంది. దిద్దలేదు.

4. వచ్చే పెత్రమాసకు నువ్వు వస్తే నువ్వు తిను. రాకపోతే నీల తింటుంది. చెల్లుతుందా లేదా అని నన్నెవరూ అడగనక్కర లేదు, చెల్లుతుందని నేనే తేల్చాను.

5. ఈ ఉత్తరం ఆ రోజు నవ్విన వాళ్ళందరూ గదిలో ఉన్నప్పుడు గట్టిగా చదవాలి. నా తప్పు రాసిన భాగం దాటేయొద్దు. చదివావో లేదో జలపతి నాకు చెబుతాడు, ఈసారి ఒట్టు నేను పెట్టించుకుంటాను.

6. జవాబు నాకు రాయొద్దు. శ్రీలతకు రాయి. ఏమని రాయాలో నేను చెప్పను. ఆమె చూపిస్తే చదువుతాను, చూపించకపోతే అడగను.

ఇట్లు,
తప్పు చేసి ఒప్పుకున్న నీ అవ్వ,
సత్యవ్వ