మగ్గిన కన్ను

చెల్లికి, అక్క దీవించి కోడలి చేత రాయించేది. ఇక్కడ నేను, కొడుకు, కోడలు క్షేమం. నువ్వు క్షేమం కాదని నీ ఉత్తరమే చెప్పింది కనుక ఆ కుశలం అడగను. ఫోనులో ఆపరేషన్ మాట ఎత్తగానే పెట్టేస్తున్నావు. అందుకే ఉత్తరం. ఇస్త్రీ పెట్టె దించి, పక్కింటి టీచరమ్మను కూర్చోబెట్టుకుని చివరిదాకా విను.

కన్ను బయటికి తీసి, కడిగి, మళ్లీ పెడతారా అని అడిగావు. ఎవతె చెప్పిందే నీకు? (ఎవతె అని రాయడం బాగుండదంటోంది కోడలు. ఉండనీ అన్నాను.) కన్ను ఎక్కడిదక్కడే ఉంటుంది. పక్కన మత్తుసూది పొడుస్తారు, అంతే నొప్పి. మొహం మీద గుడ్డ కప్పాక నీళ్లు కారుతున్నట్టు, ఎక్కడో వెలుగు కదులుతున్నట్టు ఉంటుంది. నేను ఊరుకోలేక ఇప్పుడేం చేస్తున్నారు, ఇప్పుడేం చేస్తున్నారు అని అడుగుతూనే ఉన్నాను.

“మీరు మాట్లాడితే తల కదులుతోందమ్మా” అంది డాక్టరమ్మ.

“నువ్వు చెబితే నేనెందుకు మాట్లాడతాను?”

ఆ తర్వాత పాపం, చెప్పుకుంటూనే కోసింది.

ఇంకా ముదరనివ్వనా అన్నది నీ రెండో ప్రశ్న. శుక్లం ముదిరాకే తీయించాలని మన అమ్మ అనేది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పళ్లు మగ్గబెట్టి అమ్ముకున్నదాన్ని, నాకా మాట భలే నచ్చింది. పచ్చి కాయ కోస్తే ఏం లాభమని కుడి కంటిని మగ్గబెట్టాను. నల్లగుడ్డు నడుమ పాలచుక్క పడ్డట్టు తెల్లబడినా బెంగ పడలేదు. కొట్లో నాకు కళ్లతో పనేముంది? ముక్కు, బొటనవేలు ఉంటే చాలు.

ఒక సాయంత్రం ఆ కన్ను చింతనిప్పయింది. తలలో సగం పగులుతున్నట్టు పోటు, ఆగకుండా వాంతులు. తిన్నది పడలేదేమోనని కొడుకు కడుపుకు మాత్ర తెచ్చాడు. నా కన్ను చూసి ఆటో ఎక్కించింది మాత్రం కోడలే. ఇది దాని ముందే చెబుతున్నాను, దాని చేత్తోనే రాసుకోనీ.

కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ నన్ను కిందికి చూడమని, రెప్పల మీద వేళ్లానించి మెల్లగా నొక్కింది. అచ్చం నేను తొడిమ దగ్గర సపోటా నొక్కినట్టే. ఇదేదో మన పనే అనిపించి నేనూ నొక్కి చూస్తానన్నాను. ఎడమది మెత్తగా ఉంది, కుడిది రాయి. లోపల మగ్గితే పైకి మెత్తబడాలి గదా, ఇదెక్కడి పండని అడిగాను. లోపల మరీ మగ్గి నీరైపోయి, తొక్క దాటి కారిందట. కంట్లో ఊరే నీరు బయటికిపోయే దారికి అది అడ్డం పడిందట. నీరు నిండి, కన్ను బిగిసి, వెనకున్న నరం నలిగిపోతోందట. ముందు ఆ బిగువు తగ్గించి తర్వాత కోశారు. తీసింది చూపించమని పట్టుబట్టాను. చిన్న గిన్నెలో గోధుమరంగు గింజ! కంట్లో పాలలాంటి నీళ్లలో అడుగున పడి ఉందట. అరవై దాటినదాన్ని, నా కంట్లో గింజ ఉందని నాకే తెలియదు.

ఎడమది దోరగా ఉండగానే తీసేశారు. ఇప్పుడు జామకాయ మీద పురుగు పొడిచిన చుక్క కూడా కనిపిస్తోంది.

ఇక కోడలు కలం గట్టిగా పట్టుకోవాలి. రెండు కళ్లూ వచ్చాయని ఇంట్లో చెప్పాను, నీకూ చెప్పాను. కుడిది రాలేదు. దానికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదు. నలిగిన నరం ఇక లేవదని డాక్టరమ్మ చెప్పినప్పుడు కోడలు మందుల కిటికీ దగ్గరుంది. బయటికొచ్చి బ్రహ్మాండం అన్నాను. ఎందుకంటావా? కత్తే కన్ను పోగొట్టిందని నువ్వు పారిపోతావని. కత్తి కాదే, నా మగ్గబెట్టడం పోగొట్టింది.

కోడలు రాయడం ఆపింది. నా కుడి పక్క చెయ్యి ఊపి చూస్తున్నట్టుంది, గాలి తగిలింది. ఊపింది చాలు, రాయి అన్నాను.

దీపాల చుట్టూ రంగుల గుండ్రాలు ముచ్చటగా కనిపిస్తున్నాయని, సాయంత్రమైతే కణత లాగుతోందని రాయించావు. ఆ ముచ్చట నేనూ చూశానే, ఆ వాంతుల సాయంత్రానికి ముందు. నీ సంగతి డాక్టరమ్మకు చెబితే, నిన్నింకా ఇంట్లో ఎందుకు ఉంచారని నన్ను తిట్టింది.

ఉత్తరం బస్సు కండక్టరు చేతికిస్తున్నాను. జవాబు రాయించకు. అదే బస్సు తిరిగొచ్చేటప్పుడు ఎక్కు. చూపానక నువ్వు ఇస్త్రీలో కాల్చానని రాయించిన ఆ చొక్కా గలవాడు నువ్వు వెళ్లాక కూడా తిట్టుకుంటాడులే. నేను స్టాండులో నిలబడి ఉంటాను. దిగి నా ఎడమ పక్క నుంచి రా. కుడి పక్క నుంచి వస్తే నువ్వొచ్చినట్టు నాకు తెలియదు.

ఇట్లు,
నీకన్నా ముందు పుట్టి, ముందు కోయించుకున్న
అక్క
(వేలిముద్ర, పండు నొక్కే వేలిదే)