సున్నా రాయని ఊరు

జూలై 3

మూడేళ్ల గొడ్డుచాకిరీకి ఈరోజు మంగళం పాడాను. మండలంలోని ప్రతి ఊరి తలారీ పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో తన ఊరి వాన లెక్క పెడతాడు. దాన్ని నేను ఎక్సెల్‌లో కొట్టాలి, మళ్లీ ప్రభుత్వ పోర్టల్‌లో కొట్టాలి, మళ్లీ ప్రింటు తీసి సార్ బల్ల మీద పెట్టాలి. అదే అంకె, అదే చాకిరీ. యూట్యూబ్ చూసి నేర్చుకుని, ఆ పనంతా కంప్యూటరే చేసుకునేలా మాక్రో రాశాను. బటన్ నొక్కితే రిపోర్ట్ రెడీ. టీ చల్లారకముందే పని అయిపోయింది.

వనజాక్షీ, ఇక నీకు పని లేదు అని అభిలాష్ సార్ నవ్వారు. ఆఫీసులో స్టాటిస్టిక్స్ చూసేది ఆయనే. నేను కాంట్రాక్ట్ ఆపరేటర్‌ని. ఇలాంటి జోకులకు నాకు నవ్వు రాదు.

జూలై 4

పని లేదు కదా అని పెన్షన్ ఫైళ్లన్నీ తెచ్చి నా నెత్తిన పెట్టారు.

జూలై 9

పోర్టల్ మొరాయించింది. ఖాళీ గడి ఉంటే తీసుకోదట. ఖాళీ ఎవరిదో చూడకుండానే చెప్పగలను. ఎర్రబోడు.

ఆ ఊళ్లో వాన పడకపోతే మెసేజ్ రాదు. అక్కడి తలారి కుళ్లాయప్ప వాన లేదని నోటితో అనడు, సున్నా అని రాయడు. వచ్చిన కొత్తలో ఫోన్ చేసి గట్టిగా అడిగాను. ఏమ్మా, బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాము గానీ లేవంటామా, దీపం కొండెక్కిందంటాము గానీ ఆరిపోయిందంటామా, వానను మాత్రం లేదని ఎట్లనేది, అంటే యాడన్నా ఉండేది గూడా రాకుండా పోతాది అన్నాడు. ఊరు మొత్తానిదీ అదే మాట. నాకూ అలవాటైంది. ఖాళీ కనిపిస్తే నా వేలు దానంతటదే సున్నా కొట్టేది. అదీ ఒక పనేనని తోచక మాక్రోకి చెప్పడం మరిచాను.

ఖాళీకి సున్నా వేసేలా మారుస్తానన్నాను. సార్ ఒప్పుకోలేదు. రానిది వానో మెసేజో నీకెలా తెలుసు, ఖాళీ వేరు సున్నా వేరు, ట్రైనింగ్‌లో చెప్పారు, పక్క ఊరి అంకె వేయించు అన్నారు. పక్క ఊరంటే కొండకు అవతల. మేఘం ఆ కొండ దాటి రాదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ మాటా చెప్పాను. కొండకు పోర్టల్‌లో కాలమ్ ఉందా అన్నారు.

వేయించాను.

జూలై 20

జిల్లా మీటింగ్‌లో సార్‌కు శాలువా కప్పారట. రిపోర్టింగ్‌ను ఆటోమేట్ చేసిన యువ అధికారి అట! సొమ్మొకడిది, సోకొకడిది. తిరిగొచ్చి నా కీబోర్డ్ పక్కన ఒక లడ్డు పెట్టారు. నేను ముట్టలేదు. సాయంత్రానికి చీమలు పట్టాయి.

ఆగస్టు 29

మఖా పుబ్బలు వరపైతే మహా కరువంటారు. ఎర్రబోడులో మఖ ఎండింది. పోర్టల్‌లో మాత్రం మా మండలమంతా వాన బాగా పడినట్టు పచ్చరంగే.

అక్టోబర్ 24, మధ్యాహ్నం

పంట నష్టపోయిన ఊళ్ల జాబితా వచ్చింది. ఎర్రబోడు లేదు.

కుళ్లాయప్ప ఊరివాళ్లతో కలిసి వచ్చాడు. మల్లీశ్వరి అనే ఆమె వేరుశనగ చెట్టు ఒకటి పెరుక్కొచ్చి నా బల్ల మీద పెట్టింది. కాయ కాసే ఊడలు మట్టిలోకి దిగనే లేదు. మా ఊర్లో మస్తుగా వాన పడినాదంట గదా పాపా, ఎవురు చూసినారు, నువ్వేమన్నా చూస్తివా అని అడిగింది. ఈసారి సాయం రాకుంటే వచ్చే ఏటికి విత్తనం యాడిది, అందరమూ బెంగళూరు బస్సెక్కేదే అంది.

ఫైల్ తెరిచాను. జూలై, ఆగస్టు, సెప్టెంబర్. కొండ అవతల పడిన వానంతా ఎర్రబోడు గడిలో ఉంది. వేయమన్నది సార్. వేసింది నేను. వాళ్లు పాపం, కంప్యూటర్ తప్పు చేసినాదామ్మా అని అడిగారు. దానికేం తెలుసు!

సార్ అప్పటికే లంచ్‌కు వెళ్లిపోయారు.

అక్టోబర్ 25

సార్ ఉపాయం కనిపెట్టారు. రిపోర్ట్ పంపేవాడు నిర్లక్ష్యం చేశాడని తేలితే జాబితాను మళ్లీ తెరవచ్చట. కుళ్లాయప్ప సంతకం పెడితే చాలు, పంట చూడడానికి జిల్లా నుంచి టీమ్ వస్తుంది, ఊరికి మేలు జరుగుతుంది. కుళ్లాయప్ప ఉద్యోగం మాత్రం పోతుంది. ఆ కాగితం నన్ను టైప్ చేయమన్నారు.

కుళ్లాయప్ప నా ఎదురుగానే నిలబడ్డాడు. ఊరు బాగుపడతాదంటే నా ఉద్యోగమేం లెక్కమ్మా, కొట్టు, సంతకం పెడతా అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నిర్లక్ష్యమట! చినుకు పడిన ప్రతి రోజూ గొడుగు కూడా లేకుండా వెళ్లి, కొలిచి, తెల్లారేసరికి లెక్క పంపే మనిషి. గ్రూపులో అందరికన్నా ముందు వచ్చేది ఆయన మెసేజే. ఆయనది నిర్లక్ష్యం, సార్‌ది శాలువా. ఆయన మంచితనం మీద కూడా కోపం వచ్చింది. ఎందుకప్పా అంత సులభంగా ఒప్పుకుంటావు?

అదే రోజు రాత్రి

టైప్ చేశాను. సార్ అడిగింది కాదు. మాక్రో రాసింది నేను, ఖాళీలో పక్క ఊరి వాన వేయమన్నది అభిలాష్ సార్, ఎర్రబోడులో మెసేజ్ లేదంటే వాన లేదని అర్థం, అది మా ఆఫీసులో అందరికీ తెలుసు. కింద నా పేరు. జిల్లాకు మెయిల్ పెట్టేశాను.

సార్ అరిచారు. మార్చిలో నీ కాంట్రాక్ట్ రెన్యువల్ గుర్తుందా అన్నారు. గుర్తుంది సార్ అన్నాను. ఇంటికి రాయదుర్గం బస్సెక్కాక టికెట్ కింద పడేసుకున్నాను.

నవంబర్ 12

ఎర్రబోడుకు టీమ్ వచ్చింది. టీమ్‌లోని పెద్ద మేడమ్ నా కాగితం చదివారు. బాగానే ఉంది గానీ ఊరి ఆచారం రికార్డు కాదన్నారు. మెసేజ్ లేని రోజుల్లో వాన పడిందో లేదో తలారి తన నోటితో చెప్పాలి, వీడియో తీయాలి.

ఊరంతా అక్కడే ఉంది. చేన్లోకి రండి మేడమ్, కండ్లతోనే చూసుకోండి అన్నాడు కుళ్లాయప్ప. చేను చూశాం, నువ్వు చెప్పు అన్నారు. మబ్బొచ్చి పోయినాది అన్నాడు. అది జవాబు కాదన్నారు. నేను చెబుతానంటే నన్ను పక్కకు నిలబడమన్నారు. అనలేక, ఊరుకోలేక ఆయన ఊరివాళ్ల వైపు చూశాడు. చివరికి మల్లీశ్వరే ఏడుస్తూ, అను మామా, ఏమయితే అది అవుతాది, అందరమూ కలిసే పడదాం అంది.

చెప్పులు విడిచాడు. తేదీ చదివారు. వాన లేదు అన్నాడు. ఇంకో తేదీ. వాన లేదు. మూడు నెలల ఖాళీ తేదీలూ ఒక్కొక్కటే చదువుతూ ఆయన చేత అనిపించారు. గొంతు పోయింది. నీళ్లిస్తే తాగలేదు. అయ్యాక కొండవైపు తిరిగి చెంపలు వేసుకున్నాడు. ఊరి పెద్దవాళ్లంతా తలలు దించుకున్నారు.

వేసుకోవాల్సిన చెంపలు ఆయనవా? సార్‌వి. నావి. అది ఎవరితో చెప్పాలి?

నవంబర్ 28

జాబితాలో ఎర్రబోడు చేరింది.

పొద్దున గ్రూపులో కుళ్లాయప్ప మెసేజ్. ఎర్రబోడు, 0.

మాక్రో తీసుకుంది. ఎక్కడా ఆగలేదు.