ఎవరూ వెలిగించని నిప్పు

నాన్నా,

ఫోనులో చెబితే అమ్మ ఏడుపుతోనే సగం పోతుంది, నీ దాకా చేరదు. అందుకే రాస్తున్నాను. నింపాదిగా కూర్చుని చదువు.

మా ప్రయోగశాలకు వచ్చే పొడులు ఎంత వేడికి వాటంతటవే అంటుకుంటాయో చూడటం నా పని అని నీకు తెలుసుగా. పోయిన వారం గోధుమరంగు అద్దకం పొడి ఒకటి వచ్చింది. డబ్బా మీద పేరు చూసి నా చేతులు ఆగిపోయాయి. నీ సిగరెట్టు వల్లే మీ రంగుల ఫ్యాక్టరీ గోదాము తగలబడిందని అందరూ అన్నారే, నీ ఉద్యోగం పోయిందే, ఆ రోజు కాలింది ఈ పొడే.

చిన్న తీగవల డబ్బీలో పొడి నింపి, నడిమధ్యన వేడి కొలిచే తీగ గుచ్చి, ఓవెన్‌లో వేలాడదీశాను. వేడి మెల్లమెల్లగా పెంచాలి, నిప్పు చూపించకూడదు. చాలాసేపు పొడి వేడి ఓవెన్ వేడి వెనకాలే బుద్ధిగా నడిచింది. ఉన్నట్టుండి దాన్ని దాటేసింది. బయటికంటే లోపలే వేడెక్కువ! తెర మీద గీత నిట్టనిలువుగా లేచింది. చూస్తే డబ్బీలో ఎర్రటి నిప్పు. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

మా పెద్దాయన్ని అడిగాను. "ఇది గుప్పెడు కూడా లేదు. అదే గుట్టగా పోస్తే లోపలి వేడికి బయటికి దారుండదు. ఇంకా తక్కువ వేడికే రాజుకుంటుందమ్మా. ఆరబెట్టిన పొడిని చల్లారకముందే బస్తాలకెత్తితే ఇక అంతే సంగతులు," అన్నారు. చల్లారాకే ఎత్తాలని నివేదికలో గట్టిగా రాశాం.

మీ దగ్గర అలాగే ఎత్తించేవారు కదా? బస్తాలు చేతులు కాలుస్తున్నాయని ఇంటికొచ్చి నువ్వే అనేవాడివి.

బడిలో నన్ను 'అగ్గిపుల్ల కూతురు' అనేవాళ్లు నాన్నా. నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు వీధిలో తలవంచుకుని నడుస్తుంటే చూడలేక మేడెక్కి ఏడ్చేదాన్ని. ఇక తలెత్తుకుని నడు.

నీ బుడంకాయ

*

బుడంకాయా,

అమ్మ చదివి వినిపించింది. తర్వాత కళ్లజోడు పెట్టుకుని నేనూ చదివాను. నిన్ను వాళ్లు అలా పిలిచారని తెలిస్తే అప్పుడే నోరు విప్పేవాణ్నేమో.

ఆ రోజు నేను సిగరెట్టు వెలిగించనే లేదమ్మా.

నిన్ను భుజాలమీద మోసిన బాయిలరు బాబాయి గుర్తున్నాడా? గోదాము మూలన చిన్న స్టవ్వు మీద అన్నం వేడి చేసుకునేవాడు. మంటలు చూడగానే నా చొక్కా పట్టుకుని, "అన్నా, స్టవ్వు ఆర్పానో లేదో గుర్తు రావట్లేదు," అన్నాడు. వాళ్లావిడకి అప్పుడు నెలలు నిండాయి. యజమాని వచ్చి "ఎవడి పనిరా ఇది?" అంటే, "నాదేనండీ, సిగరెట్టు," అని నా నోట్లోంచి వచ్చేసింది. అమ్మకొక్కదానికే చెప్పాను. నేను తలవంచుకుని నడిచింది సిగ్గుతో కాదే పిచ్చిదానా, అబద్ధం మొహంలో కనబడుతుందేమోనని.

నిన్న నీ ఉత్తరం పట్టుకుని వాళ్లింటికి వెళ్లి చదివి వినిపించాను. ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని తిప్పి తిప్పి చూశాడు.

"అయితే స్టవ్వు కాదా?"

"కాదురా."

"మరి ఇన్నేళ్లూ నీ గడప తొక్కడానికి మొహం చెల్లక, ఉత్తపుణ్యానికి దూరంగా ఉండిపోయానా అన్నా!" అని భోరుమన్నాడు.

ఉద్యోగం పోయినందుకు నేనెన్నడూ బాధపడలేదు. వాడు రావడం మానేసినందుకే పడ్డాను. ఈ ఆదివారం భార్యతో భోజనానికి వస్తానన్నాడు. నువ్వూ రా. ఆ ఓవెన్ సంగతి నువ్వే దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాలి. నా మాట వాడు సగమే నమ్మాడు.

మీ నాన్న